పాత గోడకు యాంకర్ టెస్ట్: ఆమోదపత్రం ఉంటే చాలదా, గోడను లాగి చూడాల్సిందేనా?

సైట్ ఇంజనీర్:
నాలుగంతస్తుల పాత భవనం. ఇటుక గోడ, దాని మీద ఎప్పటిదో ప్లాస్టరింగ్. బయటివైపు థర్మాకోల్ ఇన్సులేషన్ బోర్డులు అంటించి ప్లాస్టిక్ యాంకర్లతో బిగించాలి. చదరపు మీటరుకు 6 అనుకున్నాం. యాంకర్‌కు యూరోపియన్ ఆమోదపత్రం, అంటే ఈటీఏ ఉంది. ఇటుకలో ఎంత బలం వస్తుందో అందులో రాసే ఉంది. "ఇంకా గోడకు బెజ్జాలు పెట్టి, యాంకర్‌ను బయటికి లాగి చూసే పుల్‌అవుట్ టెస్ట్ ఎందుకు, టైం దండగ" అంటున్నాడు కాంట్రాక్టర్. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

బిగింపు పనివాడు:
ఆయన అన్నదాంట్లో తప్పేం లేదండి. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. బోర్డు బరువు మోసేది జిగురు. యాంకర్ పనల్లా గాలి బయటికి లాగినప్పుడు పట్టి ఉంచడమే. ల్యాబ్‌లో లాగి చూసి, అందులోంచి తగ్గించి, దాన్ని మళ్లీ 2తో భాగించి వాడుతున్నాం. అన్ని జాగ్రత్తలు తీసుకున్న అంకెను మళ్లీ అనుమానించడం దేనికి?

డిజైన్ ఆఫీసు:
అన్నా, కాంక్రీటు గోడ అయితే మీతో వాదనే లేదు. ఇక్కడున్నది పాత ఇటుక. ఈటీఏలో గోడలను ఎ నుంచి ఇ వరకు అయిదు రకాలుగా విడదీశారు: కాంక్రీటు, గట్టి ఇటుక, బోలు ఇటుక, తేలిక కంకర కాంక్రీటు, ఏఏసీ బ్లాక్ (లోపల గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు). ఇటుకల దగ్గరికి వచ్చేసరికి, ఏ ఇటుకలో లాగి చూశారో దాని సాంద్రత, బలం కూడా రాస్తారు. బోలు ఇటుకైతే లోపలి గదుల ఆకారం కూడా. ఆ అంకె ఆ ఇటుకదే. మీ గోడలోది వేరే ఇటుకైతే సైట్‌లో టెస్ట్ చేసి తేల్చుకోమని ఆ పత్రమే చెబుతోంది. పత్రాన్ని నమ్మేవాళ్లు ఆ వాక్యాన్ని కూడా నమ్మాలి కదా! ఆ గోడ కింద రోజూ మనుషులు నడుస్తారు.

లెక్క ఇదీ. కనీసం 15 చోట్ల లాగాలి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అయిదింటి సగటు తీసుకుని 0.6తో గుణించాలి. ఎంత బాగా వచ్చినా 1.5 కిలోన్యూటన్ల పైన లెక్కలోకి రాదు. ఆ తర్వాతే మీరన్న 2తో భాగించడం. మొత్తం 15 సగటు తీయకండి, గట్టి చోట్లు బలహీనమైన చోట్లను కప్పేస్తాయి.

మేస్త్రీ గారబ్బాయి:
అంకెల సంగతి మీరు చూసుకోండి, నేను బెజ్జం సంగతి చెప్తా. డ్రిల్ పెట్టగానే ముందు ప్లాస్టర్ బూడిదరంగు పొడి వస్తుంది, తర్వాత ఎర్ర పొడి. ఎరుపు మొదలైన దగ్గర్నుంచే లోతు కొలవాలి. ప్లాస్టర్ మందాన్ని యాంకర్ పట్టులో కలిపేసుకుంటే మోసపోతాం. ఎర్ర పొడి రాకుండా బూడిదరంగే వస్తూ ఉంటే ఇటుకల మధ్య సందులో పడ్డట్టు. డ్రిల్ ఒక్కసారిగా 'గుబుక్'మని లోపలికి దిగబడిందంటే బోలు ఇటుక. అప్పుడు డ్రిల్ కొట్టే దెబ్బ, అంటే హ్యామర్ ఆపేసి ఉత్త తిప్పుడు మీదే తొలవాలి. హ్యామర్‌తో కొడితే లోపలి పల్చటి గోడలు విరిగిపోతాయి. పైకి బెజ్జం గుండ్రంగా, శుభ్రంగానే ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే లోపల పెంకులు!

టెస్ట్ బెజ్జాలు కూడా అసలు పని చేసే మనిషే, అదే డ్రిల్‌తో, అదే బిట్‌తో పెట్టాలి. టెస్ట్ రోజున కొత్త బిట్ తెచ్చి నెమ్మదిగా తొలిస్తే వచ్చే అంకె వేరు.

బిగింపు పనివాడు:
హ్యామర్ మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ లాగడం కూడా బోర్డుతో కలిపి లాగాలి కదా? ఉత్త గోడలో లాగితే అసలు పరిస్థితి ఎలా తెలుస్తుంది?

డిజైన్ ఆఫీసు:
అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. గోడలోంచి యాంకర్ ఊడిపోతుందా అన్నది ఒకటి, యాంకర్ తల బోర్డును చీల్చుకుని లోపలికి వెళ్తుందా అన్నది ఇంకొకటి. రెండోది బోర్డుకు, తల వెడల్పుకు సంబంధించింది, అది ల్యాబ్‌లో తేలుతుంది. సైట్‌లో తేలాల్సింది గోడ సంగతే. డిజైన్‌కు రెండింట్లో తక్కువది తీసుకోవాలి.

లాగే పరికరం కాళ్లు యాంకర్‌కు కనీసం 150 మిల్లీమీటర్ల దూరంలో ఆనాలి. దగ్గరగా ఆనితే అవే ఇటుకను నొక్కిపట్టి లేని బలం చూపిస్తాయి. ఒక నిమిషం పట్టేలా నిదానంగా లోడ్ పెంచాలి. "కావలసినంత వచ్చింది, ఆపేయ్" అనకుండా ఊడేదాకా లాగాలి. పైన చెప్పిన లెక్క ఊడినప్పటి అంకెతోనే. ఊడిన యాంకర్‌ను పారేయకుండా చూడండి: నున్నగా జారి వచ్చిందా, ఇటుక ముక్కతో సహా వచ్చిందా.

సైట్ ఇంజనీర్:
అందరికీ థ్యాంక్సండి, టెస్ట్ చేయించాం. కింది అంతస్తుల్లో మామూలు గట్టి ఇటుకే. తక్కువ అయిదు కిలోన్యూటన్లలో 1.30, 1.40, 1.45, 1.50, 1.60. పై అంతస్తుకు వెళ్లాక రెండో బెజ్జానికే డ్రిల్ గుబుక్కుమంది. ఆ అంతస్తు తర్వాత కట్టిందట, మొత్తం బోలు ఇటుక. ప్లాస్టర్ కింద ఎవరికీ తెలియలేదు. అక్కడ విడిగా 15 లాగాం: 0.38, 0.45, 0.50, 0.52, 0.55.

కింద 0.87 వచ్చింది, 2తో భాగిస్తే 0.43. పైన 0.29, భాగిస్తే 0.14. పై మూలల్లో గాలి లాగుడు డిజైన్ ప్రకారం చదరపు మీటరుకు 1.2 కిలోన్యూటన్లు. 6 యాంకర్లు పెడితే 0.86 దగ్గరే ఆగిపోతుంది. చూడగానే చేతులు చల్లబడ్డాయి.

బిగింపు పనివాడు:
పైన బోలు ఇటుక ఉంటుందని నేనూ అనుకోలేదండి. టెస్ట్ చేయించి మంచి పని చేశారు. కానీ దానికోసం భవనం అంతటా యాంకర్లు పెంచేయకండి.

డిజైన్ ఆఫీసు:
అవసరం లేదు. గోడ రకం మారిన దగ్గర లెక్క మారుతుంది, అంతే. కింద 6 ఉంచండి. పై మూలల్లో 1.2ను 0.144తో భాగిస్తే 8.3, అంటే 9. బోలు ఇటుకకు తగ్గ వేరే యాంకర్ దొరికితే తగ్గొచ్చు, కానీ దానికి మళ్లీ 15 లాగాలి.

మేస్త్రీ గారబ్బాయి:
పై అంతస్తు డ్రిల్ మీద హ్యామర్ స్విచ్‌కు ఇవాళే టేప్ వేసేయండి సార్.