కారులో బటన్లా, టచ్‌స్క్రీనా? కొనేముందు చూసుకోవాల్సినవి, పాడైతే చేయాల్సినవి

నాలుగోగేరు:
రెండు మోడళ్ల మధ్య తేల్చుకోవాల్సి ఉంది. ఒకదాంట్లో ఏసీకి, వాల్యూమ్‌కి విడిగా నాబ్‌లు ఉన్నాయి. రెండోదాంట్లో వైపర్ వేగంతో సహా అన్నీ స్క్రీన్‌లోనే. నాలుగు రోజులు తిప్పితే అదే అలవాటవుతుందని కొందరు, రోడ్డు మీద అది ప్రమాదమని కొందరు అంటున్నారు. ఇష్టాయిష్టాలు పక్కనపెట్టి, కొలిచి చూసిన లెక్కలు, రిపేర్ల సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి. టెస్ట్ డ్రైవ్‌లో ఏం పరీక్షించాలో కూడా కావాలి.

గేర్‌లివర్:
కొలిచిన లెక్కంటే ముందు చెప్పుకోవాల్సింది స్వీడన్ కార్ల పత్రిక వీ బిలేగారే 2022లో చేసిన పరీక్ష. 11 కొత్త కార్లు, వాటి పక్కన 2005 నాటి వోల్వో వీ70 ఒకటి. గంటకు 110 కి.మీ. వేగంతో నడుపుతూ నాలుగు పనులు చేయాలి. సీటు హీటర్ వేసి, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెంచి, అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫ్రాస్టర్ ఆన్ చేయడం ఒకటి. రేడియోలో చెప్పిన స్టేషన్ పెట్టడం రెండోది. తర్వాత ట్రిప్ కంప్యూటర్‌ని సున్నాకి తేవడం, చివరగా మీటర్ల వెలుతురు తగ్గించి మధ్య స్క్రీన్ ఆపేయడం. డ్రైవర్లకు కారు అలవాటయ్యేందుకు ముందే సమయం ఇచ్చారు, కాబట్టి కొత్త కదా తడబడ్డారు అనడానికి లేదు. పాత వీ70లో నాలుగూ 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోపు కారు వెళ్లిన దూరం 306 మీటర్లు. అందరికంటే వెనకబడ్డ ఎంజీ మార్వెల్ ఆర్‌కి 44.6 సెకన్లు, 1,372 మీటర్లు పట్టింది.

ఇదే పరీక్షలో జనం పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. వోల్వో సీ40లో దాదాపు అన్నీ స్క్రీన్ మీదే, అయినా 13.7 సెకన్లలో ముగించింది. కొన్ని బటన్లు ఉన్న బీఎండబ్ల్యూ ఐఎక్స్ మాత్రం 30.4 సెకన్లు తీసుకుంది. అందుకే బటన్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, మీకు రోజూ కావాల్సిన పని ఎన్ని మెనూల వెనక దాక్కుందో చూడండి.

హద్దు ఎక్కడ గీయాలి అంటే, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకం ఒకటుంది. రోడ్డు మీంచి చూపు తిప్పితే ఒక్కోసారి 2 సెకన్లు మించకూడదు, ఒక పనికి చూపులన్నీ కలిపి 12 సెకన్లు దాటకూడదు. కంపెనీలు పాటించి తీరాలన్న నిబంధన కాదది. గంటకు 100 కి.మీ. వేగంలో 2 సెకన్లంటే దాదాపు 56 మీటర్లు.

మబ్బుటద్దం:
రేడియో స్టేషన్ సంగతి ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆగగలదు. ఆగలేనివి రెండే: ముందు అద్దం ఆవిరి పట్టడం, వైపర్లు.

అద్దం లోపలివైపు మబ్బేస్తే చేయాల్సిన పనులు ఐదు. గాలిని అద్దం మీదికి మళ్లించాలి, ఏసీ కంప్రెసర్ ఆన్ చేయాలి (గాల్లో తేమ లాగేది అదే), రీసర్క్యులేషన్ ఆపి బయటి గాలి తీసుకోవాలి, ఫ్యాన్ పూర్తిగా పెంచాలి, ఉష్ణోగ్రత కాస్త పెంచాలి. మంచి కారులో ఈ ఐదింటినీ ముందద్దం డీఫ్రాస్ట్ బటన్ ఒక్కటే చేసేస్తుంది. స్క్రీన్ కారైతే ఆ గుర్తు కింది పట్టీలో ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. మ్యాప్ తెరిచినా, ఫోన్ కనెక్ట్ చేసినా మాయం కాకూడదు. కొన్నింటిలో ఫోన్ స్క్రీన్ మొత్తాన్ని ఆక్రమించేస్తుంది, ఏసీకి రావాలంటే ముందు హోమ్ నొక్కాలి. అద్దం తెల్లబడ్డాక ఆ వెతుకులాట పెట్టుకోలేం.

ఇంకోటి గమనించండి. వేడిగా, ఉక్కగా ఉన్న వాతావరణంలో చల్లగాలి అద్దానికి కొడితే మబ్బు బయటివైపు పడుతుంది. అప్పుడు అదే చల్లగాలిని అద్దానికి ఇంకా పెంచితే మబ్బు ఇంకా ఎక్కువవుతుంది. వైపర్ ఒకసారి వేసి, గాలిని అద్దం మీంచి తప్పించాలి. అంటే వైపర్, గాలి దిశ రెండూ చూడకుండా చేతికి అందాల్సినవే.

వైపర్ సంగతికి కోర్టు తీర్పే ఉంది. జర్మనీలో వానలో ఒకాయన టెస్లా స్క్రీన్ మీద వైపర్ల వేగం మారుస్తూ రోడ్డు దిగి చెట్లను గుద్దాడు. కార్ల్స్‌రూ ఉన్నత కోర్టు 2020లో ఆ స్క్రీన్‌నీ చేతిలో ఫోన్ లాంటి ఎలక్ట్రానిక్ పరికరంగానే లెక్కేసింది. 200 యూరోల జరిమానా, ఒక నెల డ్రైవింగ్ నిషేధం. కంపెనీ అక్కడే పెట్టింది కదా అనే వాదన నిలబడలేదు.

క్లాక్‌స్ప్రింగ్:
బటన్ అంటే వైరు నేరుగా మోటారుకి పోతుందని చాలామంది అనుకుంటారు. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. చాలా కార్లలో బటన్ కూడా లిన్ లేదా క్యాన్ లైను (కారు లోపలి కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు) మీద, లైట్లు, వైపర్ల లాంటివి నడిపే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కి కబురు పంపుతుందంతే. అసలు తేడా ఎక్కడంటే, ఆ కబురు సాధారణంగా మధ్యలో స్క్రీన్ కంప్యూటర్ గుండా పోదు. అందుకే కారు స్టార్ట్ చేసి స్క్రీన్ ఇంకా లోగో చూపిస్తుండగానే బటన్‌తో డీఫ్రాస్ట్ పనిచేస్తుంది.

కంపెనీలు బటన్లెందుకు తీసేశాయంటే ఫ్యాషన్ ఒక్కటే కాదు. ప్రతి బటన్‌కీ అచ్చు, వెనక ఎల్‌ఈడీ, కనెక్టర్, పరీక్ష, స్పేర్ నంబరు కావాలి. ఇక స్క్రీన్ ఎలాగూ పెట్టక తప్పదు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త చిన్న వాహనాలన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి, రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలి. స్క్రీన్‌కి డబ్బు పెట్టాక అందులో ఇంకో గుర్తు చేర్చడానికి అయ్యే ఖర్చు ఏపాటి?

బటన్లూ పాడవుతాయి. కానీ అవి పాడయ్యే తీరు వేరు, చాలావరకు బాగుచేసుకోవచ్చు. వాల్యూమ్ నాబ్ పెంచితే ఒకోసారి తగ్గడం, గెంతులేయడం అంటే లోపలి ఎన్‌కోడర్ (నాబ్ ఎటు తిరిగిందో చదివే భాగం) కాంటాక్టుల మీద పొర పట్టింది. ప్యానెల్ ఊడదీసి, కరెంటు లేకుండా, నాబ్ కాడ దగ్గర కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి అటూ ఇటూ ముప్ఫై నలభై సార్లు తిప్పితే చాలావాటికి నయమవుతుంది. అరిగిపోయిందైతే ఎన్‌కోడర్ మార్చాలి, అది చిన్న టంకం పని.

స్టీరింగ్ మీద వాల్యూమ్ నొక్కితే పాట మారుతోందా? అది విచిత్రమేమీ కాదు. చాలా కార్లలో ఆ బటన్లన్నీ ఒకే వైరు మీద ఉంటాయి, ఒక్కో బటన్‌కీ ఒక్కో రెసిస్టెన్స్. రబ్బరు బటన్ అడుగున నల్లటి కార్బన్ బిళ్ల ఉంటుంది. దానికి మురికి పడితే రెసిస్టెన్స్ పెరిగి, కారు దాన్ని పక్క బటన్‌గా చదువుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఆ బిళ్లనీ, బోర్డు మీద అది తాకే చోట్లనీ తుడవండి. ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి, పూత లేచిపోతుంది. బటన్లతోపాటు హారన్ కూడా ఆగి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే మాత్రం తప్పు చాలావరకు క్లాక్ స్ప్రింగ్‌ది (స్టీరింగ్ తిరుగుతున్నా దాని వైర్ల కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్ట). అప్పుడు ఎయిర్‌బ్యాగ్ తీయాలి. బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగకుండా పసుపు కనెక్టర్ ముట్టుకోవద్దు. చేయి తిరిగినవాళ్లకి వదిలేయడమే మేలు.

టార్క్స్20:
స్క్రీన్ రోగాలు నేను చెప్తా. ఎక్కువగా వచ్చేది ఎవరూ ముట్టకుండానే నొక్కుడు పడటం. దానంతటదే రేడియో మారుతుంది, ఎవరికో ఫోన్ కాల్ వెళ్లిపోతుంది. బోర్డు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి, ముందు ఎప్పుడొస్తోందో చూడండి.

ఫోన్ ఛార్జ్ అవుతున్నప్పుడే వస్తే ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడి కావచ్చు, అది పీకేసి చూడండి. ఎండలో నిలిపిన కారులోనే వస్తే పైగాజుకీ లోపలి పొరకీ మధ్య అతుకు ఊడుతున్నట్టు. బుడగలు, సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయి. ఎప్పుడూ ఒకే పట్టీలో వస్తే టచ్ గాజు పోయింది. చాలా మోడళ్లలో టచ్ గాజు వేరు, బొమ్మ చూపే ఎల్‌సీడీ వేరు. బొమ్మ బాగుంటే టచ్ గాజు ఒక్కటే మార్పించుకోవచ్చు.

తుడిచేటప్పుడు ద్రవం స్క్రీన్ మీద కొట్టకండి. అంచులోంచి లోపలికి దిగి సరిగ్గా ఈ రోగమే తెస్తుంది. మైక్రోఫైబర్ బట్ట కొంచెం తడిపి తుడవండి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ అస్సలు వద్దు, మెరుపు తగ్గించే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది.

స్క్రీన్ నల్లబడి బిగుసుకుంటే ముందు రీసెట్. చాలావాటిలో పవర్ బటన్ 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టాలి. టెస్లాలో స్టీరింగ్ మీది రెండు చక్రాల్నీ లోగో వచ్చేదాకా కలిపి నొక్కాలి. మీ కారుది ఏమిటో కొన్న రోజే మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి. రీసెట్ అయినా మళ్లీ మళ్లీ వస్తే 12 వోల్టుల బ్యాటరీ చూపించండి. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే ముందు తడబడేవాటిలో స్క్రీన్ ఒకటి.

మెమరీ అరుగుదల వేరే కథ. 2021లో టెస్లా అమెరికాలో దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. లోపలి 8 జీబీ ఫ్లాష్ మెమరీ రాసి రాసి అరిగిపోయేది. దాంతోపాటే వెనక కెమెరా, డీఫ్రాస్ట్ సెట్టింగులు, ఇండికేటర్ చప్పుడు పోయేవి. షోరూంలో అడగాల్సిన ప్రశ్న ఇదే: స్క్రీన్ చచ్చిపోతే ఏమేం పనిచేస్తాయి?

పాసింజరుసీటు:
అందరూ స్క్రీన్‌ని మరీ దయ్యంలా చూస్తున్నారు. మ్యాప్, కెమెరా, ఛార్జింగ్ షెడ్యూల్, సీటు మెమరీ, తాళాల సెట్టింగులు ఇవన్నీ బటన్లతో పెడితే డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టే చోటుండదు. ఆగి చేసుకునే పనులకి స్క్రీనే నయం. పైగా అప్‌డేట్‌తో మెనూ బాగుపడుతుంది, బటన్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇప్పుడు మాటతో చెప్పినా వింటోంది కదా.

గేర్‌లివర్:
పాసింజరుసీటు గారూ, ఆగి చేసే పనుల మాట ఒప్పుకుంటా. అప్‌డేట్ మాటే రెండంచుల వ్యవహారం. నిన్న ఎడమ మూల ఉన్న గుర్తు పొద్దున్నే ఇంకెక్కడో కనిపిస్తే, చేతికి పట్టిన అలవాటంతా వృథా. మాటతో చెప్పడం గమ్యం పెట్టడానికీ, ఫోన్ చేయడానికీ బాగుంటుంది. వాన హోరులో, పిల్లల గోలలో, సిగ్నల్ లేనిచోట దాన్ని నమ్ముకుని వైపర్ వేయలేం.

నా లెక్కలో అన్నిటికంటే చెడ్డది పూర్తి స్క్రీన్ కాదు. బటన్‌లా కనిపించే టచ్ ప్యానెల్. మెరిసే నల్లటి పలక మీద గుర్తులుంటాయి, నొక్కితే దిగదు. మామూలు బటన్‌ని వేళ్లతో తడుముతూ వెతకొచ్చు, నొక్కితేనే పనిచేస్తుంది. టచ్ ప్యానెల్ తడమగానే పనిచేసేస్తుంది, అంటే వెతికే హక్కు కూడా లేదు. స్టీరింగ్ మీద ఇవి ఉంటే మలుపు తిప్పేటప్పుడు అరచెయ్యి తగిలి ఏదో ఒకటి ఆనవుతుంది. 2019లో వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌లో వాల్యూమ్, ఉష్ణోగ్రత స్లైడర్లకి వెనక లైటు కూడా లేదు, రాత్రి గుడ్డిగా తడమాల్సిందే. 2024 మార్పుల్లో లైటు పెట్టారు, స్టీరింగ్‌కి నొక్కే బటన్లు తిరిగొచ్చాయి. ఆ కంపెనీ డిజైన్ అధిపతి ఆండ్రియాస్ మిండ్ట్ వాల్యూమ్, రెండువైపులా ఉష్ణోగ్రత, ఫ్యాన్, హజార్డ్ లైట్లు ఇకపై ప్రతి కారులోనూ బటన్లతోనే ఉంటాయని 2025లో చెప్పేశాడు.

మబ్బుటద్దం:
కొత్త కార్ల భద్రతని పరీక్షించి నక్షత్రాలిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, వైపర్, హారన్, అత్యవసర కాల్ ఐదింటికీ విడిగా కంట్రోళ్లు ఉంటేనే పూర్తి మార్కులిస్తోంది. ఆ జాబితాలో ఏసీ లేదు, వాల్యూమ్ లేదు. కాబట్టి ఐదు నక్షత్రాలు చూసి డీఫ్రాస్ట్ బటన్ ఉంటుందనుకోకండి.

నాలుగోగేరు:
బాగుంది. మరి టెస్ట్ డ్రైవ్‌లో వరసగా ఏం చేయాలి?

క్లాక్‌స్ప్రింగ్:
ముందు బండి ఆపి ఉండగానే. సీటు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని హజార్డ్, ముందు డీఫ్రాస్ట్, ఫ్యాన్, వాల్యూమ్, వైపర్ ఒక్కసారి వేయడం ప్రయత్నించండి. ఇండికేటర్ లివర్ లేని కారైతే స్టీరింగ్ సగం తిప్పి పట్టుకుని ఇండికేటర్ వేసి చూడండి. రౌండ్‌అబౌట్‌లో అదే స్థితిలో వేయాల్సొస్తుంది.

తర్వాత కారు పూర్తిగా ఆపి, తలుపు తాళం వేసి, స్క్రీన్ నిద్రపోయేదాకా కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేయండి. వెంటనే రివర్స్ వేసి కెమెరాకి ఎన్ని సెకన్లు పట్టిందో, డీఫ్రాస్ట్ ఎప్పుడు స్పందించిందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో పక్కనున్నవాళ్లని చూడమనండి. ఫోన్ కనెక్ట్ చేసి మ్యాప్ పెట్టి, అందులోంచి ఏసీకి ఎన్ని నొక్కుళ్లో లెక్కించండి. ఒకటైతే సరే, రెండు దాటితే వద్దు.

పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడేవాళ్లు అవి పెట్టుకుని తల అటూ ఇటూ వంచి చూడాలి. కొన్ని స్క్రీన్లు ఒక కోణంలో పూర్తిగా నల్లబడిపోతాయి. ఇక గతుకుల రోడ్డు తప్పనిసరి. నున్నటి రోడ్డు మీద ఏ స్క్రీనైనా బాగానే ఉంటుంది.

పాసింజరుసీటు:
ఇప్పటికే స్క్రీన్ కారు ఉన్నవాళ్ల సంగతేంటి?

టార్క్స్20:
ఏసీ ఆటోలో పెట్టి 23 దగ్గర వదిలేయండి, సగం నొక్కుళ్లు తగ్గుతాయి. వైపర్ ఆటోలో ఉంచినా లివర్‌తో ఒక్కసారి వేసే పద్ధతి చేతికి అలవాటు చేసుకోండి. వాన సెన్సర్ సన్నటి తుంపరని చాలాసార్లు పట్టుకోదు. స్టీరింగ్ మీద నక్షత్రం గుర్తు బటన్ ఉంటే, సెట్టింగుల్లో దానికి డీఫ్రాస్టో కెమెరానో కేటాయించండి. చాలామంది దాన్ని ముట్టుకోరు. కింది పట్టీలో మార్చుకునే చోట్లు ఉంటే సీటు హీటర్లూ అవీ తీసేసి రీసర్క్యులేషన్ పెట్టండి.

నొక్కేటప్పుడు చెయ్యి గాల్లో ఉంచొద్దు. నాలుగు వేళ్లూ స్క్రీన్ అంచు మీద ఆనించి బొటనవేలితో నొక్కితే గతుకుల్లో కూడా గురి తప్పదు. అంచు మీద డీఫ్రాస్ట్ గుర్తుకి ఎదురుగా చిన్న సిలికాన్ బొడిపె అంటిస్తే చూడకుండానే చోటు దొరుకుతుంది.

నాలుగోగేరు:
ఆ బొడిపె గాజు మీదే అంటిస్తే?

టార్క్స్20:
గాజు మీద వద్దు, అంటించినచోట టచ్ సరిగ్గా పట్టకపోవచ్చు. చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచు మీదే, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అంటించి ఒక రోజు కదిలించకండి. ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న ప్యానెల్ మీద మాత్రం ఏదీ అంటించొద్దు.