సమస్యాపూరణం: చావు వచ్చిన యింట వసంత మలరె

నిర్వహణ: ఉగాది దగ్గర పడింది కదాని తేటగీతి పద్యపాదం ఇస్తున్నాను. పొసగనట్టు కనిపించే ఈ మాటకు అర్థం కుదిరేలా, దీన్నే నాలుగో పాదంగా పెట్టి పద్యం పూరించండి.

చావు వచ్చిన యింట వసంత మలరె

యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) చా–సం. చ, జ, శ, స ఒకదానికొకటి చెల్లుతాయి, కొత్తవాళ్లు కంగారు పడొద్దు. మన గోదావరి నేల వాసన తగిలితే ఇంకా సంతోషం.

ఆత్రేయపురం సభ్యుడు:

ఆకు రాలుట యేడాది కంత మనుచు
కొత్త కొమ్మకు కోయిల కూత పంపె;
చెట్టు చెట్టున చివురెత్తె, శిశిరమునకు
చావు వచ్చిన యింట వసంత మలరె.

నిర్వహణ: నడక హాయిగా ఉంది. శిశిరానికి చావు తెప్పించి సమస్యను సులువుగా దాటేశారు. కానీ శిశిరం చచ్చిన ఆ ఇల్లు ఎవరిది? 'యింట' గాలిలో వేలాడుతోంది. పైగా కొబ్బరి, అరటి మధ్య బతికే మనకి ఆకు రాల్చేది ఏ రావిచెట్టో, వేపో. దాని పేరే చెప్పి ఉంటే మన ఊరు కనబడేది.

సభ్యుడు: ఆయ్, నిజమేనండి. రావిని మరిచాను.

తణుకు వైపు రైతు:

గాదె నుండిన గింజవు, కాలువమ్మ
నీరు తాగి యాకుమడిలో నిదుర లేచి
నేడు దాళ్వాకు పచ్చగ నేలను మొలి
చావు, వచ్చిన యింట వసంత మలరె.

వ్యాకరణం మాస్టారు: 'మొలిచావు'ను రెండు పాదాలకు విడగొట్టిన విరుపు భేష్! కానీ 'మొలిచావు' వాడుక రూపం. 'మొలిచితివి' అనాలి.

రైతు: మొలిచితివి అంటే చావు ఎక్కడినుంచి తేవాలండి మాస్టారూ?

నిర్వహణ: విరుపు కోసం వాడుక రూపాన్ని ఒప్పుకుందాం. నా పేచీ వేరే. విత్తనం నానబెట్టి, మండె కట్టి (తడి గింజను గోనెసంచిలో మూటగట్టి), మొలక వచ్చాకే కదా ఆకుమడిలో, అంటే నారుమడిలో, చల్లుతారు? నిద్ర లేచింది గోనెసంచిలోనే!

రైతు: మండె కట్టేది నేనే, పద్యంలో మరిచిందీ నేనే. 'ఆకుమడి' గణాలకి కుదిరిపోయింది, వదల్లేకపోయాను.

నిర్వహణ: 'కాలువమ్మ' మాత్రం మార్చకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువల నీళ్లు తాగినవాళ్లు కాలువను అమ్మా అనడంలో వింతేముంది? ఒక్క లోటు, విరుపుతో చావే మాయమైంది. అవధానంలో చప్పట్లు పడతాయి, మనసులో ముల్లు గుచ్చుకోదు.

కాకినాడ విద్యార్థి: నా మొదటి పాదం 'గోదావరి రేవులో' అని మొదలైంది. సరిపోతుందా అండి?

నిర్వహణ: లేదు తమ్ముడూ. తేటగీతి పాదం సూర్యగణంతో (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు) మొదలవాలి, 'గోదా' రెండూ గురువులే. గౌతమి అని పిలువు:

గౌతమీ రేవు నస్థికల్ కలిపి వచ్చి

గౌ–క యతి చెల్లుతుంది, ఔకారం అకారంతో కలుస్తుంది. మిగతా రెండు పాదాలు నీవే.

అంబాజీపేట అక్కయ్య:

తాత నాటిన మామిడి తలను వంచి
పిందె రాల్చెను వాకిట; పిల్ల యేరె;
పండుగే లేదు, పొరుగమ్మ పచ్చడి యిడ
చావు వచ్చిన యింట వసంత మలరె.

మొదట 'పూత' అని రాశాను. మాఘంలో పూసి, ఉగాదికి పిందె అవుతుందని మా ఆయన గుర్తుచేశారు.

వ్యాకరణం మాస్టారు: ఏటిసూతకం ఉన్న ఇంట వసంతం 'అలరె' అంటే లోకం హర్షిస్తుందా అమ్మా?

అక్కయ్య: మాస్టారూ, సంవత్సరీకం దాకా ఆ ఇంట్లో ఉగాది పచ్చడి చేయరు. పక్కింటివాళ్లు గిన్నెతో ఇచ్చి వెళతారు. పిల్లకి ఆంక్షలు తెలియవు, చెట్టుకీ తెలియవు. తాత లేరని మామిడి కాపు మానేసిందా?

నిర్వహణ: ఈ వారం దీనికే నా ఓటు. విరుపు లేదు, శిశిరం లేదు. చావు చావుగానే ఉంది, వసంతం పక్కింటి గిన్నెలో వచ్చింది. ఏడుపు అన్న మాట ఒక్కటీ లేదు చూడండి. 'తలను వంచి' కాపు బరువుకో, దుఃఖానికో చెప్పకపోవడం బాగుంది. చిన్న సూచన: పిందె గాలికీ రాలుతుంది. అంతా చెట్టే రాల్చిందంటే రైతుగారు ఊరుకోరు.

రైతు: ఊరుకుంటానండి. నా మండె సంగతి వదిలేస్తే.

నిర్వహణ: వచ్చే వారానికి ఆటవెలది, రెండో పాదమైనా నాలుగోదైనా సరే. వేసవిలో కాలువలు కట్టేసే రోజులు వస్తున్నాయి కాబట్టి:

ఎండినపుడె కాల్వ లెల్ల నిండె

మాస్టారూ, ఈసారి మొదటి పూరణ మీదే.