ఇంటి మీద గాలిమర, సోలార్ రెండూ కలిపి పెట్టిస్తే గిట్టుబాటు అవుతుందా? (ధర్మవరం దగ్గర పల్లె)

సీమ_డాబా:

అందరికీ నమస్తే. మాది ధర్మవరం పక్కన పల్లె, నేను బెంగళూరులో ఉంటా, ఊళ్లో అమ్మ, నాన్న, అన్నావదినలు, పిల్లలు ఉంటారు. డాబా ఇల్లు, పైన జాగా బాగానే ఉంది. కరెంటు నెలకు సగటున 330 యూనిట్లు కాలుతోంది, చలికాలం 220 దగ్గర ఆగుతుంది కానీ ఏప్రిల్, మే వచ్చేసరికి ఏసీ వల్ల 450 దాటిపోతుంది, ఆ బిల్లు చూసినప్పుడల్లా నాన్నకు బీపీ.

మొన్న ఒకాయన ఇంటికొచ్చి హైబ్రిడ్ సిస్టమ్ అని చెప్పి వెళ్లాడు. 2 కిలోవాట్ల సోలార్, డాబా మీదే 1 కిలోవాట్ చిన్న గాలిమర, బ్యాటరీలు, అన్నీ కలిపి 3,60,000. అందులో గాలిమర, దాని స్తంభం, కంట్రోలర్ వాటా 1,40,000 అట. పగలు ఎండ, రాత్రి గాలి, ఇక మీకు బిల్లు అన్న మాటే ఉండదు అన్నాడు. నాన్నకు ఇది బాగా ఎక్కేసింది. మా డాబా ఎక్కితే రామగిరి వైపు గుట్టల మీద గాలిమరలు కనిపిస్తాయి, "వాటికి తగిలే గాలి మనకు తగలదా" అంటాడు. నాకు ఎదురు చెప్పడానికి మాట రాలేదు, నిజంగానే ఆషాఢంలో మా ఊళ్లో తీగ మీద బట్టలు నిలవవు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, గాలిమర పెట్టాలా వద్దా, సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టాలి, బ్యాటరీ అవసరమా?

గాలిమరల_మెకానిక్:

నేను పెద్ద గాలిమరల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను, అందుకే మీ నాన్నగారి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా. వాటికి తగిలే గాలి మీకు తగలదు. రామగిరివి గుట్టల శిఖరాల మీద ఉన్నాయి, దానిమీద మళ్లీ ఎత్తైన స్తంభాలు. ఇప్పుడు కొత్తగా వేసేవాటికైతే స్తంభమే వంద మీటర్లు దాటుతుంది, ఒక్కో రెక్క 60, 70 మీటర్లు. నేలకు దగ్గరగా చెట్లు, ఇళ్లు, మిట్టలు గాలిని నిలబెట్టేస్తాయి, డాబా మీద వీచేది సుడులు తిరిగే గాలి. మనకు ముఖానికి బాగానే కొట్టినట్టుంటుంది కానీ మరకు పనికొచ్చేది ఒకే దిశలో నిలకడగా వచ్చే గాలి. ఒక మోటు లెక్క ఉంది, చుట్టూ నూరు, నూట యాభై మీటర్లలో ఉన్న అన్నిటికన్నా ఎత్తైన చెట్టు లేదా ఇంటి కంటే పది మీటర్లు పైన ఉండాలి రెక్కలు. మీ పల్లెలో చింతచెట్టో కొబ్బరిచెట్టో ఉంటే స్తంభం ఎంత ఎత్తు కావాలో మీరే చూసుకోండి. ఆ బరువు, ఆ అదురు డాబా స్లాబ్ మీద పడకూడదు, నేలలో విడిగా పునాది వేయాలి.

అసలు మోసం "1 కిలోవాట్" అన్న మాటలో ఉంది. అంత కరెంటు వచ్చేది సాధారణంగా సెకనుకు 12 మీటర్ల గాలిలో, అంటే గంటకు 43 కిలోమీటర్లు. అలాంటి గాలి ఇంటి ఎత్తులో ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుందో ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గాలి వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. మూడో వంతు వేగం, అంటే సెకనుకు 4 మీటర్లు ఉంటే, ఇరవై ఏడో వంతు. వెయ్యి వాట్ల మర 37 వాట్లు ఇస్తుందన్నమాట, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు వెలుగుతాయి. రోజంతా అలాగే తిరిగినా ఒక్క యూనిట్ రాదు. గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు, మధ్యమధ్య జోరు గాలులు ఎక్కువ ఇస్తాయి కాబట్టి దయతో రెట్టింపు వేసుకోండి, రోజుకు 2 యూనిట్ల లోపే. అదే 1 కిలోవాట్ సోలార్ మీ సీమ ఎండలో సగటున 4 యూనిట్లు ఇస్తుంది, కదిలే భాగం ఒక్కటీ లేకుండా.

ఆయన మళ్లీ వస్తే ఒకే ఒక్క ప్రశ్న అడగండి. "సెకనుకు 4 మీటర్ల గాలిలో మీ మర ఎన్ని వాట్లు ఇస్తుంది, కంపెనీ కాగితం మీద చూపించు" అని. తయారుచేసిన కంపెనీ ఏదైనా గాలి వేగానికి ఎంత కరెంటో చూపే గ్రాఫ్ ఇస్తుంది. అది లేదంటే మాట అక్కడితో ముగించేయొచ్చు.

కొండమీద_తోట:

పై అన్న చెప్పింది ఊళ్లో ఇంటికి కరెక్టే, కానీ ఇంటి గాలిమర అనగానే అందరూ కొట్టిపారేయడం నాకు నచ్చదు. మా తోట మదనపల్లె వైపు ఒక గుట్ట మీద, లైను లాగాలంటే స్తంభాలకే లక్షలు అన్నారు. చిన్న మర ఒకటి, నాలుగు ప్యానెళ్లు, బ్యాటరీలు పెట్టుకున్నాం. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు పట్టి ప్యానెల్ డల్ అయినప్పుడు గాలి బాగా వీస్తుంది, రాత్రి కూడా బ్యాటరీ ఎక్కుతుంది. మాకు బిల్లుతో పోలిక లేదు, డీజిల్ జనరేటర్‌తో పోలిక, ఆ లెక్కన గిట్టింది.

కష్టాలూ ఉన్నాయి. బేరింగ్ పోయింది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, చివరికి మోటార్లు బాగుచేసే మెకానిక్ చేత చేయించుకున్నాం. స్తంభం దించి ఎక్కించడమే సగం ఖర్చు. జోరు గాలికి ఆ చప్పుడు తోటలో సరే గానీ నెత్తి మీద పెట్టుకుని పడుకోవడం కష్టం.

స్లాబుల_లెక్క:

గాలిమర సంగతి తేలింది కాబట్టి సోలార్ లెక్క చూద్దాం. ఇక్కడ చాలామంది "3 కిలోవాట్లు పెట్టు, సబ్సిడీ ఫుల్ వస్తుంది" అని గుడ్డిగా చెప్పేస్తారు, నేను ఒప్పుకోను.

ఏపీలో ఇళ్ల కరెంటు స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ 330 యూనిట్లకు ఇది 1,936 రూపాయలు అవుతుంది, దీనిపైన సర్దుబాటు ఛార్జీలు, స్థిర ఛార్జీలు వేరే. ఇప్పుడు సోలార్ ఏం చేస్తుందంటే మీ యూనిట్లను పై నుంచి కోస్తూ వస్తుంది. ఒక్కో కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్లు వేసుకుంటే, మొదటి కిలోవాట్ మిమ్మల్ని 330 నుంచి 210కి దించుతుంది, బిల్లులో వెయ్యి రూపాయలు మిగులు. రెండోది 210 నుంచి 90కి దించుతుంది, ఇంకో 670 మిగులు. మూడోది మిగిలిన 90 యూనిట్లను తీసేస్తుంది, కానీ అవి చవక యూనిట్లు, నెలకు మిగిలేది 260 మాత్రమే. దానిపైన ఇంకా ఉత్పత్తి అయితే నెట్ మీటర్‌లో (మనం వాడినదీ, లైనుకు పంపినదీ రెండూ లెక్కపెట్టే మీటర్) జమ అవుతుంది గానీ, లెక్క తేల్చేటప్పుడు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) మనకు కట్టే రేటు మనం కొనే రేటు కంటే బాగా తక్కువ.

సబ్సిడీ ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాట్‌కు 30,000 చొప్పున 2 కిలోవాట్ల దాకా, అంటే 60,000. మూడో కిలోవాట్‌కు 18,000 కలిపి మొత్తం 78,000, ఆపైన ఎంత పెట్టినా అంతే. గాలిమరకు ఈ పథకంలో పైసా రాదు, అది మీ అమ్మకందారు చెప్పి ఉండడు. 2 కిలోవాట్లు 1,35,000కు కుదిరితే సబ్సిడీ పోను 75,000, ఏడాదికి 20,000 మిగులు, నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది. 3 కిలోవాట్లు 1,90,000 అనుకుంటే మీ చేతి నుంచి 1,12,000. అంటే ఆ మూడో కిలోవాట్ కోసం 37,000 అదనంగా పెట్టి ఏడాదికి 3,000 చిల్లర మిగుల్చుకుంటారు, అది తిరిగి రావడానికి పన్నెండేళ్లు. రెండో ఏసీ పెట్టే ఆలోచన ఉన్నా, ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నా అప్పుడు 3 పెట్టండి, లేదంటే 2 చాలు. మీకు ఎండాకాలం 450 దాటుతుంది కాబట్టి అసలు మిగులు నా లెక్క కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

ఇదే లెక్కతో ఇంకో మాట. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి బిల్లే 305 రూపాయలు, వాళ్లకు సోలార్ డబ్బు కోసమైతే తొందర లేదు. పక్కింటివాళ్లు పెట్టారని పెట్టేవాళ్లు చాలామంది ఈ గుంపులోనే ఉన్నారు.

ఉప్పుగాలి_వైజాగ్:

బ్యాటరీ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. మాది వైజాగ్, మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపినది. చాలామందికి కొన్నాక తెలిసే విషయం ఏంటంటే కరెంటు పోతే ఇది కూడా ఆగిపోతుంది, నడి మధ్యాహ్నం ఎండ ఎంత ఉన్నా సరే. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకూడదని ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. మీ ఊళ్లో కోతలు ఎక్కువైతే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైనుతో పాటు బ్యాటరీతోనూ నడిచేది), లిథియం బ్యాటరీ అడగొచ్చు కానీ ధర బాగా పెరుగుతుంది, బిల్లు మిగులు లెక్కలో అది ఎప్పటికీ తేలదు. ఇంట్లో ఇప్పటికే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే ఫ్యాన్లకు, లైట్లకు దాన్నే ఉంచుకోండి, అదీ ఇదీ కలపొద్దు.

స్టాండ్ల దగ్గర కక్కుర్తి పడొద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో రేకులు ఎగిరిపోవడం చూసినవాళ్లం, అందుకే నేను స్టాండ్ బోల్టులు, జింకు పూత దగ్గర బేరం ఆడలేదు. మీకు తుపాను లేదు గానీ ఆషాఢ గాలి ఉంది కదా, ఎత్తుగా పందిరిలా లేపి కడతామంటే కాంక్రీట్ దిమ్మెలు ఎంత బరువో అడగండి.

సీమ_డాబా:

అన్నా, అందరికీ థాంక్స్. మెకానిక్ అన్న చెప్పిన 37 వాట్ల లెక్క నాన్నకు ఫోన్‌లో చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ గుట్ట మీద వాళ్లకెట్లా వస్తుంది" అని మళ్లీ మొదలు. రెక్కల పొడవు చెప్పాక కాస్త ఒప్పుకున్నాడు. అమ్మకందారుడు మాత్రం గ్రాఫ్ అడిగితే "సార్, మీరు గాలి చూడండి, కాగితం ఎందుకు" అన్నాడు.

2 కిలోవాట్ల సోలార్‌కే వెళ్తున్నాం, వదిన స్కూటర్ అంటోంది గానీ అది వచ్చే ఏడు మాట. ఇంకో రెండు డౌట్లు. మీటర్ ఇంకా మా తాత పేరు మీదే ఉంది, ఆయన పోయి చాలా ఏళ్లయింది, దీనికి ఇబ్బందా? ఇంకోటి, డాబాకు దక్షిణం వైపు మూలన వాటర్ ట్యాంకు ఉంది, మిగతాది అంతా ఖాళీ.

స్లాబుల_లెక్క:

ఇబ్బందే. దరఖాస్తు చేసేవాళ్ల పేరు, కరెంటు కనెక్షన్ పేరు, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా పేరు ఒకటే ఉండాలి. ముందు మీటర్ మీ నాన్నగారి పేరుకు మార్పించండి, మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం, ఇంటి పన్ను రసీదు దగ్గర పెట్టుకుని వెళ్లండి. పేరు మారాకే సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రిజిస్టర్ చేయండి, ఈలోపు ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు. వెండర్‌ను ఆ పోర్టల్ జాబితాలో ఉన్నవాళ్లలోంచే తీసుకోవాలి. ఇంకోటి, కొటేషన్ మీద డీసీఆర్ ప్యానెళ్లు అని రాయించండి. అంటే ఇక్కడ తయారైన సెల్స్‌తో చేసినవి, సబ్సిడీ వాటికే. ఎవరైనా మరీ చవకగా చెప్తున్నారంటే అవి కాకుండా వేరేవి అంటగడుతున్నారేమో చూసుకోండి.

గాలిమరల_మెకానిక్:

ట్యాంకు సంగతి: దక్షిణం వైపే ఉంది కాబట్టి నీడ ప్యానెళ్ల మీదికే వస్తుంది. డిసెంబర్, జనవరిలో సూర్యుడు బాగా దక్షిణానికి దిగినప్పుడు ఆ నీడ అన్నిటికన్నా పొడుగు. ప్యానెళ్లన్నీ వరసగా ఒకే తీగకు కడతారు, ఒకదాని మూల మీద నీడ పడితే మిగతావాటి కరెంటూ తగ్గే వీలుంది. 2 కిలోవాట్లకు 200 చదరపు అడుగులు చాలు కాబట్టి ట్యాంకుకు దూరంగా ఉత్తరం వైపు జరిపి పెట్టించండి, ముఖం మాత్రం దక్షిణానికే, వాలు 15 డిగ్రీల దగ్గర. ఇప్పుడే పెట్టించేస్తున్నారంటే ఒక కర్ర తీసుకుని ట్యాంకు నీడ ఎంతదాకా వస్తుందో ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకు గీత గీసుకోండి, చలికాలంలో అది ఇంకా పెరుగుతుందని ఇంకొంచెం జాగా వదిలిపెట్టుకోండి.

మీ ప్రాంతంలో వాన తక్కువ, దుమ్ము ఎక్కువ. పొద్దున ఎండ ఎక్కకముందే నీళ్లతో కడగాలి, ఎండకు కాగిన ప్యానెల్ మీద చల్లనీళ్లు పోయొద్దు. డాబా మీదికి కుళాయి లేకపోతే స్టాండ్లు బిగించే రోజే ప్లంబర్‌ను పిలిచి ఒక పైపు వేయించేయండి.