పాటు జోరులో బోట్లు ఆపాలా, రేవుకి గుంజలు పాతాలా?

వశిష్ఠ ఒడ్డు:
అంతర్వేది వైపు ఏటి రేవులో మా నాన్నగారి బోటు కట్టుకుంటామండి. మొన్న అమావాస్య పాటుకి (ఏటి నీళ్లు సముద్రంలోకి లాగే వేళ) గట్టు పక్కన నాలుగు వరసలున్నాయి. ఎగువన ఐసు వేయించుకుని దిగుతున్న బోటొకటి గేరు పట్టక అడ్డం తిరిగి బయటి వరసకి తగిలింది. దెబ్బ ఒక్కదానికే, మోకులు తెగింది మాత్రం మూడింటివి. మా బోటు పక్క చెక్క పగిలి చెయ్యి దూరేంత సందు పడింది. ఇప్పుడు ఊళ్లో రెండు జట్లు. పాటు జోరుగా ఉండగా బోట్లు కదలకూడదని కట్టుబాటు పెట్టాలంటారు కొందరు, రేవుకి ఎగువన ఇనుప గుంజలు పాతించాలంటారు ఇంకొందరు. నేను గుంజల వైపు.

ఉప్పాడ కెరటం:
గుంజలెందుకండీ, రెండు టైర్లు ఎక్కువ కట్టుకోండి.

గట్టు ఇంజినీరు:
టైరు ఒరిపిడికి పనికొస్తుంది, గుద్దుడుకి కాదు. నీటి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. బయటి మూడు బోట్లూ లోపలి బోటు మోకు మీదే వేలాడుతుంటే టైరేం చేస్తుంది? ప్రతి బోటూ ముందొకటి, వెనకొకటి సొంత మోకు గట్టుకి వేసుకోవాలి. మీ మూడూ తెగింది అందుకే అయ్యుంటుంది.

సరంగు గారబ్బాయి:
కట్టుబాటు అనేవాళ్లు ఎప్పుడైనా సరుకేసుకుని మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర నిలబడ్డారా? పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. నీళ్లు నిలకడయ్యేదాకా కూర్చుంటే ఐసు కరిగి, రొయ్య తల నల్లబడి, రేటు పడిపోతుంది. అయినా సముద్రంలోంచి వచ్చేవాడికి పాటు శత్రువు కాదండి. 3 నాట్ల పాటుకి (వరి నాట్లు కాదండోయ్, గంటకి ఐదున్నర కిలోమీటర్లు) ఎదురుగా అంతే వేగంతో తోలితే బోటు ఉన్నచోటే నిలబడుతుంది, చుక్కాని మాట వింటుంది. పాటు వెంట దిగేవాడికి చుక్కాని పట్టాలంటే వేగం పెంచాలి, పెంచితే మీ మీదికే దూసుకొస్తాడు. కాబట్టి ఐసు బోటు రేవు దాటి దిగువకి పోయి, తిరిగి ఎదురెక్కి రావాలి. పెడితే ఆ కట్టుబాటు పెట్టండి.

వశిష్ఠ ఒడ్డు:
గేరు పట్టనివాడు తిరిగేదెలా అన్నా? 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్లకి వచ్చి కొట్టుకున్న పడవల్లో సరంగే (నడిపేవాడే) లేడు. గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు బరువుకి సరితూగే దిమ్మెలు) దెబ్బతిన్నాయి. తెగి కొట్టుకొచ్చేదానికి ఏం కట్టుబాటు చెప్తాం?

గట్టు ఇంజినీరు:
అది ఒప్పుకుంటాను. కానీ ఏటికి అడ్డంగా పాతితే ఎర్రనీళ్లు (వరద నీళ్లు) దిగగానే గుర్రపుడెక్క అంతా గుంజలకే పట్టుకుంటుంది. ఆ చాప మీద నీటి తోపు మామూలుగా ఉండదు. గుంజ మొదట్లో ఇసక కూడా కోసుకుపోతుంది. గట్టు నుంచి దిగువకి వాలేలా ఏటవాలుగా పాతి, మధ్యలో తేలే దూలాలు కట్టాలి. అప్పుడు డెక్కైనా బోటైనా జారి నడి ఏట్లోకి పోతుంది. చెత్త తీయించేదెవరో మాత్రం ముందే రాసుకోండి, తర్వాత ఎవరూ దొరకరు.

ఉప్పాడ కెరటం:
మోకులు మానేసి గొలుసులే వేస్తే?

సరంగు గారబ్బాయి:
2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి పాకాయి. అలాంటి రాత్రి గొలుసు విప్పుకుంటూ కూర్చుంటావా తమ్ముడూ? మోకైతే కత్తితో తెగుతుంది.

వశిష్ఠ ఒడ్డు:
నిన్న సాయంత్రం గట్టు మీద కూర్చున్నామండి. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ మూడు రోజులు రెండు వరసలే, మిగతావి దిగువ మలుపులో లంగరేస్తాయి. ఎవరి మోకు వాళ్లదే. ఐసు బోట్లు ఎదురెక్కి రావాలి. గుంజల అర్జీ కూడా రాశాం, ఏటవాలు అన్న మాట నేనే చేర్చాను. గుద్దిన బోటాయన చెక్కకి సగం ఇస్తానన్నాడు. మోకులకి ఇవ్వడట, అవి ముందే చీకిపోయినవంటాడు. మాదొకటి నిజంగానే చీకిందని నాన్నగారు అనలేదు, నేనూ అనలేదు.