గ్రైనర్ కోసం బౌట్‌ను వదలడం సమంజసమేనా?

ప్రశ్న: 2022 డిసెంబరు 8న అమెరికా తన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను విడిపించుకోవడానికి, 25 ఏళ్ల శిక్ష పడిన ఆయుధ వ్యాపారి విక్టర్ బౌట్‌ను అబుదాబిలో రష్యాకు అప్పగించింది. ఇలాంటి మార్పిడి మరిన్ని అరెస్టులకు ఊతమివ్వదా?

జవాబు: ఇస్తుందనే నా భయం. 2023 మార్చిలో అమెరికన్ విలేకరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్‌ను రష్యా గూఢచర్యం ఆరోపణపై నిర్బంధించింది. ఆయనను విడిపించడానికి 2024 ఆగస్టు 1న అంకారాలో జరిగిన మార్పిడిలో, బెర్లిన్ పార్కులో పట్టపగలు ఒక మనిషిని కాల్చి చంపి యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న రష్యన్ క్రాసికోవ్‌ను జర్మనీ వదిలిపెట్టవలసి వచ్చింది. హతుని కుటుంబానికి ఎవరు సమాధానం చెబుతారు?

మరో జవాబు: మీ ఆవేదన న్యాయమైనదేనండీ. అయితే గ్రైనర్ సామానులో దొరికిన గంజాయి నూనె గ్రాము కూడా లేదు. దానికి 9 ఏళ్ల శిక్ష వేసి రష్యాలోని మొర్డోవియా ఖైదీల శిబిరానికి పంపారు. బౌట్ 2008లో బ్యాంకాక్‌లో పట్టుబడినప్పటి నుంచి నిర్బంధంలోనే ఉన్నాడు కనుక, మిగిలిన కొన్నేళ్ల శిక్ష కోసం ఆమెను అక్కడ వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి రష్యా జైల్లో ఉన్న మరో అమెరికన్ పాల్ వీలన్ మాటేమిటి? 2018 డిసెంబరులో అరెస్టయిన ఆయన, 2022లో జరిగిన రెండు మార్పిడుల్లోనూ చోటు దక్కక 2024 దాకా జైల్లోనే ఉండిపోయారు.