క్షేత్రం దిశ మారిస్తే స్పందన మారింది: వైల్ సెమీమెటల్ అనడానికి అది చాలా?

కోఠి_ఫిజిక్స్
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వైల్ సెమీమెటల్స్ (ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేని కణాల్లా మెలిగే స్ఫటికాలు) చదువుతున్నా. మొన్న గచ్చిబౌలిలో ఒక సెమినార్‌లో గ్రాఫు చూపించారు. అయస్కాంత క్షేత్రం కరెంటుకు లంబంగా ఉంటే నిరోధం బాగా పెరిగింది, సమాంతరంగా తిప్పగానే తగ్గింది. "ఇదే కైరల్ అనామలీ" అన్నారు, అంటే క్షేత్రం కరెంటుకు సమాంతరంగా ఉంటే వైల్ ఎలక్ట్రాన్లు ఒక చేతివాటం నుంచి ఇంకో చేతివాటానికి మారి నిరోధం తగ్గడం. ఒక్క దిశ మారిస్తేనే ఇంత తేడా వస్తుంటే ఇంకేం రుజువు కావాలి?

సైనిక్‌పురి_మాస్టారు
చాలదు బాబూ. ఈ స్ఫటికాల్లో ఎలక్ట్రాన్లు మహా చురుకు. క్షేత్రం పెరిగేకొద్దీ అడ్డంగా పోయే కరెంటు అణిగిపోతుంది, క్షేత్రం వెంబడి పోయేదే మిగులుతుంది. సిల్వర్ పెయింటుతో కరెంటు తీగను చివర ఒక చుక్కలా అంటించావనుకో, కరెంటంతా ఆ చుక్క నుంచి సన్నటి ధారగా నడిమి భాగంలోనే పోతుంది. వోల్టేజి తీగలేమో అంచున ఉంటాయి. అక్కడ కరెంటు పెద్దగా ఉండదు కాబట్టి వోల్టేజి తక్కువ చూపిస్తుంది. దాన్నే నిరోధం తగ్గిందని రాసుకుంటాం. దీన్ని కరెంట్ జెట్టింగ్ అంటారు. 2016లో టాంటలం ఫాస్ఫైడ్ మీద చేసిన పని ఈ విషయంలో గట్టిగా హెచ్చరించింది. తీగల చోటు మార్చి మళ్ళీ కొలిచారా అని అక్కడ ఎవరైనా అడిగారా?

కోఠి_ఫిజిక్స్
లేదు సార్. పోనీ నిరోధం వదిలేసి అయస్కాంతత్వాన్నే కొలిస్తే?

గోపన్‌పల్లి_క్రయో
అదీ అసలు ప్రశ్న, తమ్ముడూ. వెంట్రుకంత సన్నటి సిలికాన్ పలక మీద స్ఫటికాన్ని అంటించి క్షేత్రంలో పెడితే, టార్క్ (మెలితిప్పే ప్రభావం) వల్ల పలక వంగుతుంది. ఆ వంపునే కొలుస్తాం. కరెంటే పంపం కాబట్టి జెట్టింగ్ గొడవ లేదు. అయస్కాంతీకరణ, క్షేత్రం ఒకే దిశలో ఉంటే టార్క్ సున్నా. అందుకే సౌష్ఠవ అక్షం నుంచి కొంచెం వంచి పెడతాం.

2016లోనే నయోబియం ఆర్సెనైడ్‌లో ఇలా కొలిచారు. ఎలక్ట్రాన్లన్నీ అట్టడుగు లాండౌ స్థాయికి (క్షేత్రంలో వాటికి ఏర్పడే శక్తి మెట్లలో అడుగుదానికి) చేరే క్వాంటం హద్దు దాటగానే టార్క్ గుర్తు తిరగబడింది. మామూలు ఎలక్ట్రాన్లకు ఆ అట్టడుగు స్థాయి శక్తి క్షేత్రంతో పాటు పెరుగుతుంది. వైల్ ఎలక్ట్రాన్లకు పెరగదు. ఆ తేడాయే టార్క్‌లో బయటపడింది. నన్ను నమ్మించింది కోణం కాదు, ఆ హద్దు దగ్గరే గుర్తు మారడం.

మౌలాలి_అయస్కాంతం
అన్నా, అది అయస్కాంత క్రమం లేని పదార్థం. యూరోపియం కాడ్మియం ఆర్సెనైడ్ సంగతి చూడండి. సుమారు 9.5 కెల్విన్ కింద యూరోపియం స్పిన్‌లు (పరమాణువుల చిట్టి అయస్కాంతాలు) పొరల్లో పడుకుని ఉంటాయి. పొరలకు నిలువుగా ఉండే సి-అక్షం వెంబడి రెండు టెస్లాల లోపు క్షేత్రం చాలు, అన్నీ లేచి నిలబడతాయి. అప్పుడు ఒకే ఒక్క వైల్ జంట (శక్తి పట్టీలు కలుసుకునే రెండు బిందువులు) పుడుతుందని 2019లో అన్నారు. 2023లో శుద్ధమైన నమూనాల్లో కాంతితో కొలిస్తే ఆ పట్టీల మధ్య 0.77 ఎలక్ట్రాన్ వోల్టుల ఖాళీ కనిపించింది. అంటే అది సెమీకండక్టర్. అయినా క్షేత్రం దిశకు గట్టిగానే స్పందిస్తుంది!

గోపన్‌పల్లి_క్రయో
ఒప్పుకుంటా. స్పిన్‌లు ఉన్నచోట దిశను బట్టి వచ్చే తేడాలో ముందు వాటి వాటా తీసేయాలి. కోఠి తమ్ముడూ, రిపోర్టులో ఒక్క కోణం గ్రాఫు పెట్టకు. ఎన్నో కోణాల్లో టార్క్ గీసి, క్షేత్రం పెంచేకొద్దీ అందులో కనిపించే డోలనాల నుంచి క్వాంటం హద్దు ఎక్కడో లెక్కగట్టి, గుర్తు మారే మలుపు సరిగ్గా అక్కడే వస్తోందో లేదో చూపించు.