'క్షమాభిక్ష' కాకుండా ఇంకో మాట కావాలి

కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన మిక్మా అనే ఆదివాసీ జాతి గ్రాండ్ చీఫ్ (పెద్ద నాయకుడు) గాబ్రియల్ సిలిబోయ్ మీద మా తెలుగు సంఘం పత్రికకు ఒక పేజీ రాస్తున్నాను. 1927లో, వేట నిషేధ కాలంలో మస్క్‌రాట్ (ఒక రకం నీటి ఎలుక), నక్క తోళ్లు దగ్గరున్నాయని ఆయన మీద కేసు పెట్టారు. బ్రిటిష్ వారితో మిక్మా వారు చేసుకున్న 1752 ఒప్పందం ప్రకారం వేట మా హక్కు అని ఆయన అన్నా 1928లో కోర్టు వినలేదు. 1985లో సుప్రీంకోర్టు వేరే కేసులో అదే ఒప్పందం చెల్లుతుందంది, అప్పటికే ఆయన లేరు. 2017లో నోవా స్కోషియా ప్రభుత్వం క్షమాపణ చెప్పి 'ఫ్రీ పార్డన్' ఇచ్చింది.

మూడు రోజులుగా ఈ మాట దగ్గరే ఆగిపోయాను. 'క్షమాభిక్ష' అంటే దొంగకి దయతలచి భిక్ష వేసినట్టుంది. 'క్షమాదానం' చూశాను, అదీ దానమే. 'నిర్దోషిగా విడుదల' అంటే పోయిన మనిషిని ఎక్కణ్నుంచి విడుదల చేస్తాం? అసలు తప్పే చేయలేదని చనిపోయాక ఒప్పుకోవడాన్ని రెండు మూడు పదాల్లో తెలుగులో ఏమనాలి?